నెరిసిన కొప్పు

"ఏంటొదినా ఇది? ఎలుగ్గొడ్డు తోలా?"

కోటిలింగం గొడుగు మొనతో దాన్ని మంచం మీంచి ఎత్తి నడవలోకి తెచ్చాడు. విజయవాడ నుంచి పార్సిల్లో తెప్పించిన నైలాను విగ్గు. నల్లగా నిగనిగలాడుతూ, నడుము దాకా జడతో గొడుగు చివర వేలాడుతోంది. ముట్టుకుంటే మైలపడిపోతానన్నట్టు చెయ్యి బారెడు దూరం చాపి పట్టుకున్నాడు.

నాగేంద్రమ్మ విగ్గు మీంచి చూపు తిప్పుకుంది. మరిది ఇప్పుడే ఇచ్చిన శుభలేఖ ఆమె చేతిలో ఉంది. బొట్టుపెట్టి పిలవాల్సిన తోడికోడలు కమలాకుమారి రాలేదు. తన లారీ దిగి మరిదే వచ్చాడు.

గది గుమ్మంలో ప్రమీలారాణి నిలబడి ఉంది. బూడిదరంగు నేతచీర, తలకు చుట్టుకున్న తుండుగుడ్డ. కోటిలింగం ఆమెవైపు చూడలేదు. వచ్చినప్పటి నుంచీ వదినతోనే మాట్లాడుతున్నాడు. జగ్గయ్యపేట బజారుకి వరప్రసాదరావుగారైన తన అన్న, తలుపులు వేసిన ఇంట్లో ప్రమీలారాణి అవుతాడన్న సంగతి అతనికి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు.

"పెళ్ళి చందర్లపాడులో, ఆడపిల్లవారింట్లో. దానికి వస్తే రా, లేకపోతే లేదు. మర్నాడు మా ఇంట్లో గృహప్రవేశానికి మాత్రం నువ్వుండాలొదినా. ఇంటి పెద్దకోడలు లేకుండా హారతిస్తే వియ్యాలవారు ఏమనుకుంటారు?"

"మీ అన్నయ్య ఎక్కడని అడిగితే ఏం చెప్పను?"

"నేను చెప్పేశాగా. కాశీకి పోయాడని చెప్పా. సన్నాసుల్లో కలిసిపోయాడు, ఇంక తిరిగిరాడని చెప్పా. అయ్యో పాపం అన్నారు. అక్కడితో అయిపోయింది."

ప్రమీలారాణి నవ్వింది.

"నన్ను కాశీకి కూడా పంపించావా కోటీ? పోనీ రైలెక్కించడానికైనా రాకపోయావా?"

అప్పుడు తిరిగాడు కోటిలింగం.

"చేతులెత్తి మొక్కుతా అన్నయ్యా. భవానీప్రసాద్ నాకు ఒక్కగానొక్క కొడుకు. ఈ ఒక్కసారికి నా పరువు నిలబెట్టు. పంచె కట్టుకుని రావద్దు, చీర కట్టుకునీ రావద్దు. అసలు నందిగామలోనే కనపడొద్దు. గేటు దగ్గర మా డ్రైవరు చిన్నబాబుని పెడుతున్నా. నిన్ను వాకిట్లో అడుగు పెట్టనీడు."

"మొక్కుతానన్నావు. చేతులేవిరా?"

చేతుల్లో గొడుగు ఉంది. గొడుగుకి విగ్గు ఉంది. కోటిలింగం మొహం కందగడ్డలా అయింది. చరచరా పెరట్లోకి నడిచి, గేదె ముందున్న కుడితితొట్టిలో విగ్గును విదిలించాడు. గొడుగు మొనను గడ్డికి తుడుచుకున్నాడు.

"వస్తానొదినా. గృహప్రవేశం మర్చిపోవద్దు" అని పెద్దమనిషిలా చెప్పి వెళ్ళిపోయాడు.

వీధిలో లారీ స్టార్టయింది. ప్రమీలారాణి కిటికీ దగ్గరికి వెళ్ళింది. వెళ్ళొద్దని మనసు చెప్తూనే ఉన్నా వెళ్ళింది. లారీ ముందు బంపరుకి దిష్టితాడు వేలాడుతోంది. లారీలవాళ్ళు దిష్టి తగలకుండా నల్లతాళ్ళూ వెంట్రుకల జడలూ కట్టుకోవడం వింతేం కాదు. ఈ జడ మాత్రం ప్రమీలారాణి తల మీదిది.

ముప్పై ఏళ్ళు పెంచిన జుట్టు. తిరుపతి మొక్కు అని ఊరందరికీ చెప్పి, ఈ ఏడు కాదు వచ్చే ఏడు అని ఏడుకొండలవాడికే వాయిదాలు పెట్టి, కొట్లో తలపాగా కింద దాచి, ఇంట్లో అమ్మ చేత దువ్వించుకుని పెంచిన జుట్టు. అమ్మ సౌభాగ్యమ్మ పోయినప్పుడు ముక్త్యాల రేవులో కర్మ చేసింది కోటిలింగమే. తల్లికి చిన్నకొడుకు చెయ్యాలి. అయినా, పెద్దకొడుక్కి మాత్రం గుండు అక్కర్లేదా అని పదిమందిలో లేవదీశాడు. అమ్మకోసమైతే ఇస్తానని ప్రమీలారాణి మంగలి ముందు కూర్చుంది. ఆ జుట్టును తమ్ముడు కృష్ణలో కలిపాడనుకుంది.

కొన్నాళ్ళకి చిల్లకల్లు దగ్గర హైదరాబాదు రోడ్డు మీద అది ఆమెకు ఎదురైంది. గరికపాడు చెక్‌పోస్టు వైపు వెళ్తున్న లారీకి, దుమ్ములో ఊగుతూ. జడ అల్లి బంపరుకి కట్టింది డ్రైవరు చిన్నబాబు. కట్టమన్నది కోటిలింగం. అది ఎవరి జడో డాబాల దగ్గర చెప్పుకుని నవ్వుకున్నది అందరూను. ఆమెకు నడినెత్తిన మళ్ళీ జుట్టు మొలవలేదు, పక్కల మొలిచిన నాలుగు వెంట్రుకలూ గొరిగించేస్తూ వచ్చింది. లోపల మొలిచింది వేరే ఉంది. దాన్ని ఏడాదిగా నీళ్ళు పోసి పెంచుతోంది.

పెరట్లో చప్పుడైంది. నాగేంద్రమ్మ కర్రతో కుడితిలోంచి విగ్గును తీసి పెంటకుప్ప మీద పారేస్తోంది.

"అదేంటి, కడిగితే పనికొస్తుందేమో!" అంటూ ప్రమీలారాణి పరిగెత్తింది.

"పోతే పోయింది. అది మీకు నప్పలేదు."

ప్రమీలారాణి ఆగిపోయింది. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి తెలిసి నాగేంద్రమ్మ వారం రోజులు ఏడ్చింది. పుట్టిల్లు వీరులపాడు వెళ్ళింది, తిరిగొచ్చింది. ఆ తర్వాత అవుననీ కాదనీ ఒక్క మాట అనలేదు. ఎప్పుడైనా తన చీరల్లో ఒకటి ఉతికి మడతపెట్టి మంచం చివర ఉంచి వెళ్ళేది. అంతే. ఇన్నేళ్ళ కాపురంలో ఈ విషయం మీద ఆమె నోరు విప్పడం ఇదే మొదలు.

"ఏమన్నావు?"

"నప్పలేదన్నా. మొన్న మీరు పెట్టుకుని అద్దంలో చూసుకుంటుంటే వంటింట్లోంచి చూశా. వీధి చివరనించి చూసినా విగ్గని తెలిసిపోతోంది."

"నవ్వొచ్చిందా?"

"ఏడుపొచ్చింది."

గేదె తల ఊపుకుంటూ కుడితి తాగుతోంది. ఇద్దరూ దాన్ని చూస్తూ నిలబడ్డారు.

"నేను నందిగామ వెళ్తా నాగేంద్రా."

"తెలుసు."

"ఆపవా?"

"ఆపితే ఆగుతారా? వెళ్ళేదేదో మన ఈడు మనిషిలా వెళ్ళండి. పదహారేళ్ళ పిల్లలా వద్దు."

* * *

రాఘవమ్మ ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళు దువ్వుకున్నప్పుడు రాలిన చిక్కు వెంట్రుకలు తీసుకుని, బదులుగా పిన్నీసులూ సూదులూ ఇస్తుంది. ఆ చిక్కు విడదీసి సవరాలు కట్టి అమ్ముతుంది. నోరు పెద్దది, బేరం ఇంకా పెద్దది. కబురు పెట్టిన మధ్యాహ్నమే మూటతో దిగింది.

"సవరమా అమ్మా?"

"తలంతటికీ కావాలి. టోపీలా పెట్టుకునేది" అంది నాగేంద్రమ్మ.

"ఎవరికి?"

"నాకే."

రాఘవమ్మ ఆమె ముడివైపు చూసింది. "నీకెందుకు తల్లీ? పలచబడ్డా ఉందిగా."

నాగేంద్రమ్మకు ఇంకో అబద్ధం తోచలేదు. పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయింది. అప్పుడు గదిలోంచి ప్రమీలారాణి వచ్చి, పీట వాల్చుకుని కూర్చుని, తలగుడ్డ తీసేసింది.

"నాకు. కొలత తీసుకో."

రాఘవమ్మ నోరు తెరుచుకుంది. తలపాగా చుట్టుకుని కొట్లో కూర్చునే వరప్రసాదరావుగారు ఆమెకు తెలుసు. చీర చూసింది. చేతికున్న గాజులు చూసింది. నాగేంద్రమ్మ మొహం చూసింది. ఆ తర్వాత ఆమె వ్యాపారం ఆమెకు గుర్తొచ్చింది.

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా. ఈ తల కొలత వేరు" అని దారం తీసింది.

మూటలోంచి మొదట తీసింది చెవుల పక్క రింగులు తిరిగిన విగ్గు. "మద్రాసులో సినిమావాళ్ళు పెట్టుకునేది ఇదే" అంది. అది పెట్టుకున్న ప్రమీలారాణిని చూసి నాగేంద్రమ్మ తల అడ్డంగా ఊపింది. రెండోది తీయగానే ప్రమీలారాణి చేయి దానంతటదే ముందుకొచ్చింది. తిరుపతి జుట్టు. ఎవరో చిన్నపిల్ల మొక్కు తీర్చుకున్న జుట్టు. వత్తుగా, బారుగా, నడుము దాటి ఉంది.

పెట్టుకుంది. జడ ముందుకు వేసుకుని నిమిరింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇదే. అచ్చం నాదిలాగే ఉంది. ఇది పెట్టుకునే వాడి ముందు నిలబడతా. నువ్వు కోసింది మళ్ళీ వచ్చింది చూడరా అంటా."

"ఎండలోకి రండి" అంది నాగేంద్రమ్మ.

"ఎందుకు?"

"రండి ముందు."

బావి దగ్గరికి తీసుకెళ్ళి చేతిలో అద్దం పెట్టింది. ప్రమీలారాణి అద్దంలోకి చూసింది. మొహానికి యాభై ఏడేళ్ళు, జుట్టుకి ఇరవై. కణతల మీద చర్మం ముడతలు పడి ఉంటే దాన్ని ఆనుకునే నల్లటి కుచ్చు మొదలవుతోంది. నుదురు సగానికి సగం తగ్గిపోయింది. పాపిట తీసిన చోట జుట్టు కింద నల్లగుడ్డ కనపడుతోంది.

"చిన్నబాబు గేటు దగ్గరే ఆపేస్తాడు. ఆపక్కర్లేదు కూడా, ఊరికే నవ్వితే చాలు. మీరక్కణ్ణించే వెనక్కొస్తారు" అంది నాగేంద్రమ్మ.

"నీకు నా మీద ఏడుపు. ఇంత జుట్టు నీకెప్పుడూ లేదు."

అనకూడని మాట. అన్నాక ప్రమీలారాణికే తెలిసింది. నాగేంద్రమ్మ ముడి విప్పుకుంది. గుప్పెడు కూడా లేని జుట్టు భుజాల మీద పడింది. ముందు భాగమంతా తెలుపు, వెనకాల ఇంకా కాస్త నలుపు. పాపిట వెడల్పయి మాడు కనపడుతోంది.

"చూడండి. యాభై దాటిన ఆడదాని తల ఇట్టా ఉంటుంది. నాదైనా ఇంతే, కమలాకుమారిదైనా ఇంతే. ఇంతకన్నా ఎక్కువున్నదాన్ని అందరూ తేరిపారి చూస్తారు. ఇట్టా ఉన్నదాన్ని ఎవరూ చూడరు. మీకేది కావాలో తేల్చుకోండి."

ప్రమీలారాణి చాలాసేపు ఆ పాపిటవైపే చూసింది. తర్వాత తిరుపతి జుట్టు తీసి రాఘవమ్మ ఒళ్ళో పెట్టింది.

"నెరిసింది ఉందా?"

"నెరిసిందా!" రాఘవమ్మ నవ్వాపుకోలేకపోయింది. "తెల్లవెంట్రుకలు ఏరి పారేయడానికే నా కళ్ళు పోతున్నయ్యి. డబ్బిచ్చి ముసలిదాన్ని చెయ్యమనేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా."

నాగేంద్రమ్మ లోపలికి వెళ్ళి దూలం సందులో కుక్కిన గుడ్డమూట తెచ్చింది. ఏళ్ళ తరబడి దువ్విన తన చిక్కు వెంట్రుకలు. నల్లవీ, బూడిదరంగువీ, తెల్లవీ చిన్న చిన్న ఉండలుగా చుట్టి ఉన్నాయి. పోయినేడు పిన్నీసులకి అడిగితే లేవని అబద్ధం చెప్పిన మూట అదేనని రాఘవమ్మ కనిపెట్టి మూతి తిప్పింది.

"వీటితో కట్టు. తెల్లవి ముందుకీ, నల్లవి వెనక్కీ. పాపిట కింద నల్లగుడ్డ వద్దు. తెల్లగుడ్డ టీ డికాషన్లో ముంచి ఆరబెట్టి కుట్టు, మాడు రంగొస్తుంది. జడొద్దు, చిన్న ముడి చాలు."

"నీ జుట్టా?" అంది ప్రమీలారాణి మెల్లగా.

"రాలిపోయిందేగా" అంది నాగేంద్రమ్మ, అటు తిరిగి.

* * *

విగ్గు వచ్చిన రోజు నాగేంద్రమ్మ తలుపులు వేసి తనే పెట్టింది. గుండు మీద పిన్నులు నిలవవు కాబట్టి లోపల పట్టీ బిగించి చెవుల వెనక ముడివేసింది. కణతల దగ్గర నాలుగు పోగులు లాగి వదిలింది. కొబ్బరినూనె వేళ్ళకి రాసుకుని పైపైన అద్దింది. తలుపు తీసి ఎండలో నిలబెట్టింది, గాలికి నిలబెట్టింది, వంగమంది, లేవమంది. చివరికి పమిట భుజం నిండా కప్పి వెనక్కి జరిగి చూసింది.

"అత్తయ్యలా ఉన్నారు" అంది.

ప్రమీలారాణి అద్దం తీసుకుంది. నిజమే. వరండాలో కూర్చుని తన తల దువ్విన అమ్మ అద్దంలో ఉంది. తన మొహం తనకి ఇంత సరిగ్గా ఎప్పుడూ కనపడలేదు. సంతోషం వచ్చింది. ఆ సంతోషం వెనకాలే, దానికంటే వేగంగా, తమ్ముడు గుర్తొచ్చాడు.

"వాణ్ణి చంపేస్తుంది ఈ మొహం" అంది.

"ఏంటి?"

"నువ్వు వినాలి నాగేంద్రా. నేను ఎందుకు వెళ్తున్నానో నీకు తెలీదు. గేటు దాటుతా. గుమ్మంలో నిలబడతా. వియ్యాలవారంతా చూస్తుండగా నేను అక్కనని వాడి నోటితో చెప్పిస్తా. వాడు చెప్పాడా, ఆ మరుక్షణం ఇది పీకి వాడి మొహాన కొడతా. ఇదిగో మీ వియ్యంకుడి అక్క, ఇదిగో కాశీకి పోయిన అన్న, ఈ తల గొరిగించి బంపరుకి కట్టుకున్నది ఈయనే అని చెప్తా. ఆ పెళ్ళి ఎట్టా నిలబడుతుందో చూస్తా."

నాగేంద్రమ్మ మంచం అంచున కూర్చుంది.

"పీకడానికేనా ఇంతలా వెతికింది?"

"విగ్గులా ఉంటే లోపలికి రానివ్వరుగా."

"ఆ కొత్తపిల్ల ఏం చేసింది మిమ్మల్ని? భవానీ ఏం చేశాడు?"

"నేనేం చేశానని నా జుట్టు రోడ్ల మీద తిప్పాడు? నువ్వు ఆ లారీ చూసినప్పుడల్లా లోపలికి పోతావు. నేను పోలేను. నా కడుపు మండుతోంది నాగేంద్రా, ఏడాదిగా మండుతోంది. వాడు ఏడవాలి. పదిమందిలో ఏడవాలి."

బయట ఎవరో పాలని కేకేశారు. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

"నేనూ వస్తా" అంది నాగేంద్రమ్మ చివరికి. "ఇన్నాళ్ళూ ఇంట్లో ఉన్నదాన్ని, బయటా మీ పక్కనే నడుస్తా. అక్కగా నిలబడండి, వాడి చేత కాళ్ళకి దణ్ణం పెట్టించుకోండి, నేను సంతోషిస్తా. కానీ అక్కడ మీ చెయ్యి దాని మీదికి పోయిందంటే మాత్రం నేను వీరులపాడు వెళ్ళిపోతా. ఈసారి తిరిగిరాను. అది నా తల మీది జుట్టు. పగలకి ఇవ్వలేదు."

ప్రమీలారాణి పట్టీ ముడి సరిచూసుకుంది.

* * *

జగ్గయ్యపేట బస్టాండులో ఆర్టీసీ బస్సు నిండిపోయి ఉంది. ఒక కుర్రాడు ప్రమీలారాణిని చూసి, "కూర్చోండి మామ్మగారూ" అని లేచాడు. కండక్టరు ఇద్దరికీ నందిగామ టిక్కెట్లు కొట్టి ముందుకు పోయాడు. దారి పొడుగునా ఒక్కరు కూడా రెండోసారి చూడలేదు. ప్రమీలారాణికి ఒక్కసారి గట్టిగా నవ్వాలనిపించింది, ఒక్కసారి ఏడవాలనిపించింది. ఆడవాళ్ళ సీట్లో, నాగేంద్రమ్మ భుజానికి భుజం ఆనించి, కిటికీలోంచి మిరపతోటలు చూస్తూ కూర్చుంది. ఇట్టాగే వెనక్కి వెళ్ళిపోతే బాగుండునని కూడా ఒకసారి అనిపించింది. కంచికచర్ల వైపు నుంచి వస్తున్న లారీ హారను వినపడగానే ఆ ఆలోచన పోయింది.

కోటిలింగం ఇంటి ముందు తాటాకు పందిరి, అరటిచెట్లు. గేటు దగ్గర చిన్నబాబు కొత్త చొక్కా వేసుకుని కాపలా ఉన్నాడు. నాగేంద్రమ్మను చూసి నమస్కారం పెట్టాడు. పక్కనున్న ప్రమీలారాణిని చూశాడు.

"రండమ్మా, రండి. ఎండన పడి వచ్చారు. మజ్జిగ అక్కడుందండి" అన్నాడు.

తన జుట్టును జడ అల్లిన చేతులు దారి చూపిస్తున్నాయి. ప్రమీలారాణి ఆ చేతులవైపు చూసి, "చల్లగా ఉండు నాయనా" అని లోపలికి నడిచింది.

నాగేంద్రమ్మ కాళ్ళకి పసుపు రాయించుకుని ముత్తయిదువల్లో కూర్చుంది. ప్రమీలారాణి గుమ్మానికి దగ్గరగా స్తంభం పక్కన నిలబడింది. అంతలో బాజాలు వినపడ్డాయి. చందర్లపాడు నుంచి పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ వచ్చారు. భవానీప్రసాద్ చెమటతో తడిసిపోయి ఉన్నాడు. పెళ్ళికూతురు తల వంచుకుని ఉంది. ఆమె వెంట వచ్చిన పెద్దమ్మ పుష్పవతి మాటకారి. ఆడపెళ్ళివారి తరఫున పెత్తనమంతా ఆమెదే.

కోటిలింగం ఎదురొచ్చి, "దిష్టి తీసి లోపలికి తీసుకురండి, ఆలస్యమైంది" అన్నాడు.

"అదెట్టా అన్నయ్యగారూ?" అంది పుష్పవతి. "ఆడపడుచులు గుమ్మానికి అడ్డం నిలబడాలి, పిల్లలిద్దరి చేతా పేర్లు చెప్పించాలి. అడిగింది ఇస్తేగాని దారివ్వకూడదు. మా పిల్లకి ఆ ముచ్చట లేకుండా చేస్తారా?"

"అబ్బాయికి అక్కచెల్లెళ్ళు లేరుగా అమ్మా."

"మేనత్తయినా ఉండాలిగా!"

"నేనున్నా" అంది ప్రమీలారాణి.

వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చెయ్యి ద్వారబంధానికి ఆనించింది. ఆడవాళ్ళు నవ్వుతూ జరిగి చోటిచ్చారు. కోటిలింగం తలెత్తాడు.

ముందు అతనికి అర్థం కాలేదు. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అదే పాపిట, అదే ముడి, కణత మీద గాలికి కదిలే అవే తెల్లపోగులు. పెదవులు అమ్మా అన్నట్టు కదిలాయి. తర్వాత అర్థమయింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

పుష్పవతి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి చప్పట్లు కొట్టింది.

"అచ్చం మీ పోలికే అన్నయ్యగారూ! కాశీకి పోయిన అన్నగారి సంగతే చెప్పారుగాని, ఇంత నిండైన అక్కగారున్నారని చెప్పనేలేదే!"

కోటిలింగం పందిట్లో జనాన్ని కలయజూశాడు. అన్న అంటే కాశీ అబద్ధం బయటపడుతుంది. ఎవరో తెలియదంటే ఆ పోలిక ఊరుకోదు. తను చెప్పిన అబద్ధంలో తనకే దారి లేకుండా పోయింది.

"పిల్లలు తర్వాత చెప్తారు" అంది ప్రమీలారాణి తియ్యగా. "ముందు నా తమ్ముడు చెప్పాలి. నేనెవర్నో చెప్పు కోటీ. చెప్తేనే దారిస్తా. కోడలు ఎండలో నిలబడింది."

అందరూ నవ్వారు. ముచ్చటగా ఉందన్నారు. ప్రమీలారాణి కుడిచెయ్యి మెల్లగా లేచి, వెంట్రుకలు సర్దుకుంటున్నట్టు చెవి వెనక్కి పోయింది. వేళ్ళు పట్టీ ముడి మీద ఆగాయి. అక్కడున్న అంతమందిలో ఆ చేతికి అర్థం తెలిసినవాళ్ళు ఇద్దరే.

"అక్క" అన్నాడు కోటిలింగం. "మా అక్కయ్య."

"పేరు?"

"ప్రమీల... ప్రమీలారాణి."

పెళ్ళికూతురు ముందుకొచ్చి ఆమె పాదాలకి దణ్ణం పెట్టింది. "దీర్ఘసుమంగళీ భవ" అంది ప్రమీలారాణి, ఆ పిల్లవైపు చూడకుండానే. ఆమె చూస్తున్నది తమ్ముడి కళ్ళవైపు. అవి బతిమాలుతున్నాయి. రేవులో మంగలి కత్తి కింద తల వంచినప్పుడు తన కళ్ళూ ఇట్టాగే బతిమాలి ఉంటాయి. వీడు చూసి కూడా ఆగలేదు.

ఇప్పుడు పీకేస్తే అయిపోతుంది. ఇవాళ ఒక్కరోజు ఏడుస్తాడు. రేపటికి ఊరంతా వీడిమీదే జాలిపడుతుంది. పీకకపోతే? బారసాలకీ, నోముకీ, ప్రతి శుభకార్యానికీ ఈ గుమ్మంలో నిలబడితే? చెయ్యి లేచినప్పుడల్లా వీడు ఇట్టాగే వణికితే? ఏడాదిగా మండుతున్న చోట చల్లగా ఏదో పోసినట్టయింది ఆమెకు. ఇంత హాయి తను ఎన్నడూ ఎరగదు.

"వినపడలేదు కోటీ" అంది. "వెనక ఉన్నవాళ్ళకి కూడా వినపడాలిగా. ఇంకోసారి చెప్పు."

ముత్తయిదువల్లోంచి నాగేంద్రమ్మ లేచింది. హారతి పళ్ళెం పక్కనున్నావిడకి అందించి, ఆరని పసుపు కాళ్ళతోనే, పందిరి పక్కదారిన గేటువైపు నడిచింది.

ప్రమీలారాణి చూసింది. పిలవాలనుకుంది. పెదవుల దాకా వచ్చింది పేరు.

"ప్రమీలారాణి!" అన్నాడు కోటిలింగం, ఈసారి గట్టిగా, అందరికీ వినపడేలా.

ఆమె చెయ్యి దించలేదు.